ఒంటరి కాంతిచుక్క యేల ఆరి వెలుగును?

తూర్పు కనుమలలో కాపురముండు మనకు ఆరుచు వెలుగుచుండు దీపములు క్రొత్తవి కావు. తొలకరి వానలు కురిసినది మొదలు అరకు లోయలోను, అనంతగిరి చరియలలోను చీకటి పడగానే మిణుగురు పురుగులు పొదలపై మెఱయును. ఆకాశము నిర్మలముగా నున్న శీతకాలపు రాత్రులయందు నక్షత్రములు మిలమిలలాడును. తలుపు తెఱచినంతనే కిరసనాయిలు బుడ్డి రెపరెపలాడును. ఈ మూడింటిని మనము మినుకుమినుకుమనుట యను ఒక్క మాటతోనే చెప్పుదుము గాని వాని కారణములు వేఱువేఱు. బుడ్డిదీపము గాలి వలన కదలును. నక్షత్రపు కాంతి వెచ్చని పొరలును చల్లని పొరలును కలసిన వాయుమండలము గుండ రావలసి యుండుటచే వంగి వంగి మన కంటికి చేరును. ఆ చలనము గాలిదే గాని నక్షత్రముది కాదు. మిణుగురు పురుగు తన ఉదరమందలి లూసిఫెరిన్ అను పదార్థమును ప్రాణవాయువుతో సంయోగపఱచి వెలుగు పుట్టించును. తన జంటను పిలుచుటకై ఆ వెలుగును నరముల మూలమున తానే అదుపు చేసికొనును.

ఇప్పుడు మేము చెప్పబోవునది నాలుగవ దీపమును గూర్చి. ఇది కంటికి కనబడనంత చిన్నది. దీనిని కదల్చుటకు గాలి లేదు. దీనికి ప్రాణము లేదు, కోరికయు లేదు. దీనిపై పడు కాంతి యెల్లప్పుడు ఒకే తీరున పడుచుండును. ఐనను ఇది కొంతసేపు వెలిగి, తటాలున ఆరి, మరల తటాలున వెలుగును. దీనిని శాస్త్రజ్ఞులు క్వాంటం డాట్ అందురు. మేము ఈ వ్యాసమున క్వాంటం చుక్క యని వ్యవహరింతుము. ఈ చుక్కలను కనుగొని, వానిని తయారుచేయు విధమును లోకమునకు తెలిపినందులకు అలెక్సీ ఎకిమోవ్, లూయీ బ్రూస్, మౌంగి బావెండి యను మువ్వురకు 2023వ సంవత్సరమున రసాయనశాస్త్రమందు నోబెల్ బహుమానము లభించెను. ఇంతటి ప్రసిద్ధి గాంచిన వస్తువునకు ఈ చపలత్వ మెందుకు కలిగినది? ఈ ప్రశ్నకు 1996 మొదలు విద్వాంసులు సమాధానము వెదకుచున్నారు. ఆ వెదకుటలో మన తెలుగునాటి విశ్వవిద్యాలయ మొకటి పాలుపంచుకొనినది గావున ఈ విషయమును మన విద్యార్థులకు, వారి తలిదండ్రులకు విశదపఱుప దలచితిమి.

క్వాంటం చుక్క యనగా నేమి?

రాగి, వెండి మొదలగు లోహములలో విద్యుత్తు సులభముగా ప్రవహించును, ఇవి వాహకములు. గాజు, లక్క, ఎండుకఱ్ఱ మొదలగునవి బంధకములు. ఈ రెండింటికి నడుమ నుండు సిలికన్, కాడ్మియం సెలెనైడ్ వంటి పదార్థములకు అర్ధవాహకములని పేరు. అర్ధవాహకమును రెండంతస్తుల మేడగా భావింపవచ్చును. క్రింది అంతస్తు ఎలక్ట్రానులతో నిండియుండును. పై అంతస్తు ఖాళీగా నుండును. నడుమ నిలుచుటకు మెట్టు లేదు. తగినంత శక్తి గల కాంతి పడినప్పుడు ఒక ఎలక్ట్రాను ఒక్క దుముకున పై అంతస్తునకు పోవును. క్రింద దాని చోటు ఖాళీయగును. ఆ ఖాళీకి రంధ్రమని పేరు. ఎలక్ట్రానునకు ఋణవిద్యుత్తు గలదు. రంధ్రము ధనవిద్యుత్తు గలదాని వలె వర్తించును. ఈ రెండును ఒక జంట. కొంత తడవునకు ఎలక్ట్రాను దిగివచ్చి తన ఖాళీని పూరించును. ఎక్కుట వలన పొందిన శక్తిని దిగునప్పుడు ఒక కాంతికణముగా విడిచిపెట్టును. ఆ కణమునకు ఫోటాను అని పేరు.

అట్టి పదార్థమును కొన్ని నానోమీటర్ల కొలత గల స్ఫటికముగా చేసినచో అదియే క్వాంటం చుక్క. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లనుకొన్నచో, 4 నానోమీటర్ల చుక్కలు దాని అడ్డమునకు 20,000 పట్టును. ఒక్కొక్క చుక్కలో కొన్ని వందలు మొదలు కొన్ని వేల వఱకు పరమాణువులు మాత్రమే యుండును. ఇంత యిఱుకు చోట బంధింపబడిన ఎలక్ట్రాను యొక్క శక్తి ఆ చోటి కొలతను బట్టి మాఱును. తంత్రీవాద్యమున తీగను పొట్టిగా నొక్కిపట్టిన కొలది స్వరము హెచ్చినట్లే, చుక్క చిన్నదైన కొలది రెండంతస్తుల నడుమ దూరము హెచ్చును. కావున పదార్థ మొక్కటియే యైనను, సుమారు 2 నానోమీటర్ల కాడ్మియం సెలెనైడ్ చుక్క నీలము కలసిన పచ్చని కాంతితోను, 6 నానోమీటర్ల చుక్క ఎఱ్ఱని కాంతితోను వెలుగును.

గుంపులో నిలుకడ, ఒంటిగా చపలత్వము

సీసాలోని ద్రవమున కోట్లకొలది చుక్కలు కలిసియున్నప్పుడు అది నిలుకడగా వెలుగును. చూచువారికి ఏ లోపమును తోపదు. అమెరికాలో బెల్ ప్రయోగశాలలవారును, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారును కలసి ఈ ద్రవమును మిక్కిలి పలుచన చేసి, ఒక చుక్కకు మఱియొక చుక్క చాల ఎడముగ నుండునట్లు పలకపై పఱచి, లేసరు కాంతిని ప్రసరింపజేసి, సూక్ష్మదర్శినితో ఒక్కొక్క దానిని విడివిడిగా పరీక్షించిరి. ఆ పరీక్షలో ప్రతి చుక్కయు ఆరుచు వెలుగుచు కనబడెను. ఈ సంగతిని వారు 1996లో ప్రకటించిరి. ఆ ప్రకటనలో బ్రూస్, బావెండి యిరువురును భాగస్వాములే.

గుంపు తన సభ్యుల చపలత్వము నెట్లు దాచునో మన విద్యార్థులు తరగతిలోనే పరీక్షింపవచ్చును. నూర్గురు బాలబాలికలు తలకొక నాణెమును ఎగురవేయవలెను. బొమ్మ పడినవారు చేయి పైకెత్తవలెను. బొరుసు పడినవారు దించవలెను. ఇట్లు పలుమాఱులు చేసినచో ఒక్కొక్కని చేయి ఎప్పుడు లేచునో ఎప్పుడు దిగునో చెప్ప వీలుకాదు గాని, లేచిన చేతుల లెక్క మాత్రము మూడు పర్యాయములలో రెండు పర్యాయములు 45 మొదలు 55 లోపుననే యుండును. ఆడువారు 10,000 మంది యైనచో ఆ లెక్క 4,950 మొదలు 5,050 లోపల నుండును. మొదటి దానిలో హెచ్చుతగ్గు నూటికి పది. రెండవ దానిలో నూటికొకటి. సంఖ్య పెరిగిన కొలది మొత్తము నిలుకడ చెందును. సీసాలోని ద్రవము నిలుకడగా కనబడుటకు కారణ మిదియే. అందలి ఏ చుక్కయు నిలుకడ గలది కాదు.

చీకటికి కారణము

చుక్క ఆరినప్పుడు దానిపై కాంతి పడుట మానలేదు; అది కాంతిని మ్రింగుటయు మానలేదు. మ్రింగిన శక్తి మరల కాంతిగా వెలువడుట లేదు. మఱి ఆ శక్తి యేమగుచున్నది?

1997లో అలెగ్జాండర్ ఎఫ్రోస్, రోజెన్ అను ఇరువురు దీనికొక సమాధానము చెప్పిరి. కాంతి తీవ్రముగా పడునప్పుడు ఒక్కొక్కసారి చుక్కలో ఒకే కాలమున రెండు జంటలు పుట్టును. వానిలో ఒక జంట తన శక్తిని కాంతిగా వెదజల్లక, రెండవ జంటలోని ఎలక్ట్రానునకు ఇచ్చివేయును. ఆ ఎలక్ట్రాను ఇంత శక్తిని భరింపలేక చుక్కను దాటి, పైతలమందో, చుట్టునున్న పదార్థమందో గల ఒక ఉచ్చులో చిక్కుకొనును. ఇప్పుడు చుక్కలో జతలేని రంధ్ర మొకటి మిగిలినది. చుక్క ధనవిద్యుత్తు కలదైనది.

ఇక మీదట ఆ చుక్కపై కాంతి పడి క్రొత్త జంట పుట్టినను అది వెలుగుగా మాఱుట కష్టము. ఏలననగా మూడవది యొకటి ప్రక్కనే కాచుకొనియున్నది. జంట కలిసికొను సమయమున పుట్టు శక్తిని ఆ మూడవది హరించి, ఎగిరిపడి, పిమ్మట దానిని వేడిమిగా విడిచి తన చోటికి దిగును. ఈ విధమగు శక్తిమార్పిడికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు పియర్ ఓజే పేరిట ఓజే ప్రక్రియ యని పేరు. పెద్ద స్ఫటికమున ఈ ముగ్గురు కలిసికొనుట యరుదు. నాలుగైదు నానోమీటర్ల గదిలో మువ్వురును ఎల్లప్పుడు ఒకరినొకరు తాకుచునే యుందురు గావున ఈ ప్రక్రియ మిక్కిలి వేగముగా జరుగును.

వేగమనగా నెంతయో లెక్కించి చూతము. మామూలు చుక్కలో జంట ఫోటానుగా మాఱుటకు సుమారు 20 నానోసెకనులు పట్టును. నానోసెకనన్నది సెకనులో నూఱుకోట్లవ వంతు. ఓజే ప్రక్రియకు 0.2 నానోసెకను చాలుననుకొందము. అప్పుడు రెండవ దారి మొదటిదానికన్న నూఱు రెట్లు వేగమైనది. నూఱు జంటలలో తొంబదితొమ్మిది వేడిమిదారి పట్టును. ఒక్కటి మాత్రము కాంతినిచ్చును. చుక్క పూర్తిగా చావలేదు గాని చూచువానికి ఆరినట్లే యుండును. ఉచ్చులో చిక్కిన ఎలక్ట్రాను ఎప్పుడో యొకప్పుడు తిరిగివచ్చి జతలేని రంధ్రమును పూరించును. తోడనే చుక్క మరల వెలుగును. పూర్వపు తంతి కార్యాలయములలో మీటను నొక్కినప్పుడు విద్యుత్తు ప్రవహించుటయు, విడిచినప్పుడు ఆగుటయు ఎట్లో ఇదియు నట్లే. నడుమ స్థితి లేదు. ఒక్క ఎలక్ట్రాను ఉన్నదా, పోయినదా యనుటయే ప్రశ్న.

ఈ యూహకు బలమిచ్చు సంగతులు కొన్ని గలవు. లేసరు కాంతిని హెచ్చించిన కొలది చుక్క వెలుగుచుండు కాలము తగ్గుచున్నట్లు 1996 నాటి పరీక్షలోనే కనబడెను. రెండు జంటలు ఒకేసారి పుట్టు అవకాశము హెచ్చుట వలన అట్లు కావలసినదే. చుక్కపై జింకు సల్ఫైడ్ తొడుగు వేసినచో వెలుగుచుండు కాలము హెచ్చెను; ఎలక్ట్రాను బయటికి పోవు దారి మూసికొనుట వలన అదియు కావలసినదే. ఇదిగాక, ఒంటరి చుక్క యొక్క రంగు సైతము కొంచెము కొంచెము ఇటునటు జరుగుచుండును. చుక్క చెంత విద్యుత్తు గల కణములు చోటు మార్చుకొనుచుండుటయే ఇందులకు కారణమని బావెండి ప్రయోగశాలవారు 1997లో చూపిరి.

సగటు చెప్పరాని చీకట్లు

ఇంతటితో ప్రశ్న తీరెనని తోచును. కాని 2000 సంవత్సరమున అమెరికాలోని కొలరాడో రాష్ట్రమందలి బౌల్డరు నగరమున కూనో, నెస్బిట్ మున్నగువారు చీకటి వేళల నిడివిని శ్రద్ధతో లెక్కించి చూడగా క్రొత్త చిక్కు పుట్టినది.

సంతకు పోయిన మనుష్యుడు సాయంకాలమునకు ఇల్లు చేరును. ఒకనాడు కొంచెము ముందు, ఒకనాడు కొంచెము వెనుక. ఇరువది సంతల లెక్క వ్రాసినచో అతడు బయట నుండు కాలమునకు సగటు తెలియును. ఇక రెండువందల సంతలు చూచినను ఆ సగటు మాఱదు. ఎలక్ట్రాను చిక్కుకొను ఉచ్చు ఒకే విధమైనదైనచో అది తిరిగి వచ్చు కాలమునకు సైతము ఇట్టి సగటు ఉండవలెను. కాని చుక్కల చీకట్లకు అట్టి సగటు కనబడలేదు. సెకనులో వేయవ వంతు మొదలు వంద సెకనులు, అంతకు మించిన చీకట్లు సైతము ఒకే చుక్కలో కనబడెను. వాని లెక్క స్థూలముగా ఈ తీరున నుండును: ఒక సెకనుకు మించిన చీకట్లు 1,000 యున్నచో, 100 సెకనులకు మించినవి 100 ఉండును. నిడివి నూఱురెట్లు పెరిగినను సంఖ్య పదవవంతునకే తగ్గినది. ఇట్టి లెక్కలో ఎంత యెక్కువసేపు చూచిన అంత పెద్ద చీకటి ఎదురుపడును. సగటు పెరుగుచునే పోవును. నేడు ఒక గంట చూచి రేపటి సంగతి చెప్పుటకు వీలులేదు. ముందు మేము చెప్పిన నాణెముల యాట గుంపు నిలుకడకు దృష్టాంతమే గాని, ఒంటరి చుక్క వర్తనకు పూర్తిగా సరిపడదు.

కావున ఉచ్చు ఒక్కటి కాదని తేలినది. చుక్క చుట్టును దగ్గఱవి, దూరపువి పెక్కు ఉచ్చులుండవచ్చును. దూరము కొంచెము హెచ్చినను తిరిగి వచ్చుటకు పట్టు కాలము పలు రెట్లు హెచ్చును. లేక ఉచ్చులే స్థిరముగా నుండక మాఱుచుండవచ్చును. విద్వాంసులలో ఈ రెండు పక్షములకును వాదులు కలరు. వ్యాజ్యము ఇంకను పూర్తిగా తీఱలేదు.

2011లో అమెరికాలోని లాస్ అలామోస్ ప్రయోగశాలవారు ఒంటరి చుక్కకు విద్యుత్తు నెక్కించియు, దించియు పరీక్షించి, ఆరుటలు రెండు రకములని నిరూపించిరి. మొదటి రకమున చుక్క మసకబారినప్పుడు జంట జీవితకాలము కూడ తగ్గును. ఇది పైన చెప్పిన ఓజే ప్రక్రియ. రెండవ రకమున కాంతి తగ్గినను జీవితకాలము తగ్గదు. పై అంతస్తునకు ఎగిరిన ఎలక్ట్రాను అచ్చట కుదురుకొనక మునుపే పైతలమందలి ఉచ్చు దానిని లాగివేయుటయే ఇందులకు కారణము. జంటగా కుదురుకొనినవి మామూలుగనే వెలుగును. కుదురుకొనువాని సంఖ్యయే తగ్గును. ఒకే రోగలక్షణమునకు రెండు రోగములు కారణమైనట్లు, చూచుటకు ఒకటిగా నున్న చీకటికి కారణములు రెండైనవి.

హైదరాబాదునందలి పరిశోధన

2015లో స్విట్జర్లాండు దేశమున జూరిచ్ నగరమందు సీసియం, సీసము, బ్రోమిన్ మొదలగువానితో కూడిన పెరోవ్‌స్కైట్ అను జాతి క్వాంటం చుక్కలను తయారుచేసిరి. తొడుగు లేకయే ఇవి మిక్కిలి కాంతిమంతములు. మఱి ఇవియైనను నిలుకడగా వెలుగునా? 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమందు ఆచార్య అనునయ్ సామంత గారును వారి శిష్యబృందమును ఈ చుక్కలను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఇవియు ఆరుచు వెలుగుచుండునని 2016లో ప్రకటించిరి. కాంతి పడుచుండగా వీని వెలుగు హెచ్చుటను గూర్చియు వారా ప్రకటనలో తెలిపిరి. కాంతియే చుక్కను ఆర్పగలదు, కాంతియే దాని లోపమును కొంత మాన్పగలదు అనుట వింతగా నున్నను సత్యము. తూర్పు తీరపు వారికి కాంతిశాస్త్రము పరాయిది కాదు. 1930లో నోబెల్ బహుమానమందిన సర్ సి. వి. రామన్ గారు విశాఖపట్టణమున సెయింట్ అలోషియస్ మిషన్ పాఠశాలలో బాల్యమున చదివినవారే.

దీని వలన నష్టమేమి, లాభమేమి?

టెలివిజను తెఱలలో క్వాంటం చుక్కలు రంగుల స్వచ్ఛత కొఱకు వాడబడుచున్నవి. అచ్చట లెక్కలేనన్ని చుక్కలు కలిసి వెలుగును గావున ఒక్కొక్కటి ఆరుట వలన బాధ లేదు. కాని ఒంటరి చుక్కయే పని చేయవలసిన చోట ఇది పెద్ద అడ్డంకి. 2003లో పారిసునందు నరములలోని ఒక్కొక్క గ్రాహకాణువునకు ఒక చుక్కను దీపము వలె తగిలించి, అది జీవకణపు పొరపై ఎట్లు తిరుగుచున్నదో చూచిరి. అట్టి దీపము నడుమ ఆరినచో, అడవిబాటను పోవువాని కాగడా ఆరినట్లే, అతడెటు పోయెనో తెలియదు. మరల వెలిగినప్పుడు కనబడినది అతడో, మఱియొకడో నిశ్చయింపవలసి వచ్చును. వ్యాధులు కణములో ప్రవేశించు మార్గమును, మందులు పని చేయు తీరును ఒక్కొక్క అణువును వెంబడించి తెలిసికొనగోరు వైద్యశాస్త్రమునకు ఇది చిన్న నష్టము కాదు. ఒక్కొక్క ఫోటానును కోరినప్పుడు కోరినట్లు ఇచ్చు దీపమును నిర్మింపనెంచు వారికిని ఇట్టి చిక్కే కలదు.

ఐతే లోపమే గుర్తుగా నుపయోగపడుటయు కలదు. కనబడు మెఱుపు తటాలున పూర్తిగా ఆరి వెలిగినచో అది ఒంటరి చుక్కయే యని తెలియును. పలు చుక్కలు కలిసియున్నచో అన్నియు ఒక్కసారి ఆరవు గదా! పారిసువారు ఈ గుర్తునే యుపయోగించిరి.

చికిత్సలును లేకపోలేదు. 2004లో ఇలినాయి విశ్వవిద్యాలయమున గంధకము గల ఒక ద్రవమును చేర్చి, ఉచ్చులను మూసివేసి, ఆరుటను చాల వఱకు తగ్గించిరి. 2008లో లాస్ అలామోస్ వారును, పారిసు వారును వేఱువేఱుగా చుక్కకు మందమైన తొడుగు తొడిగి మంచి నిలుకడ సాధించిరి. తొడుగు మందమైనచో ఎలక్ట్రాను పైతలమును చేరుట దుర్లభమగుటయే గాక, చోటు విశాలమై ఓజే ప్రక్రియయు మందగించును. కాని తొడుగుతో చుక్క లావగును. లావైన దీపమును చిన్న అణువునకు తగిలించుట కష్టము. కాడ్మియము, సీసము విషపదార్థములగుటచే ఇతర పదార్థములతో చుక్కలను చేయవలసిన యక్కఱయు కలదు. ఆ క్రొత్త చుక్కలకు ఉచ్చు లెచ్చట నుండునో మరల మొదటినుండి పరీక్షింపవలెను. ఇది ముందు తరము వారి పని. మన కొండలలో నేడు చదువుకొను బాలబాలికలు ఆ పనికి పనికిరానివారు కారు.

ఇందు మన ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును ఒక మాట చెప్పి ముగింతుము. 1996 వఱకు అందఱును చూచినది సగటునే. సగటు నిలుకడగా నున్నందున సభ్యులును నిలుకడ గలవారని తలచిరి. తరగతి మార్కుల సగటు బాగున్నదని సంతోషించు మనము, దాని వెనుక ఏ బిడ్డ నేడు వెలుగుచున్నదో, ఏ బిడ్డ ఎందువలన ఆరియున్నదో విడిగా చూడనిచో ఎఱుగజాలము. ఆరిన చుక్కను చెడిపోయినదని పారవేసియున్నచో శాస్త్రజ్ఞులకు ఏమియు తెలిసియుండెడిది కాదు. వారు దానిని విడువక చూచుచు కూర్చుండిరి. అది మరల వెలిగెను.